ఆకాశంలో ఓటీపీ కోసం: పర్లాకిమిడి నుంచి లండన్ దాకా పని చేసుకుంటూ వెళ్లిన అనుభవం

‘మీ మొబైల్‌కి పంపిన ఆరు అంకెలు ఎంటర్ చెయ్యండి’ అని ల్యాప్‌టాప్ తెర మీద వచ్చింది. నేనేమో ఢిల్లీ నుంచి లండన్ వెళ్తున్న విమానంలో, భూమికి దాదాపు పది కిలోమీటర్ల ఎత్తున ఉన్నాను. విమానం వైఫై పనిచేస్తోంది, ఫోన్‌లో చాట్ మెసేజీలు వస్తున్నాయి. కానీ ఓటీపీ వచ్చేది సిమ్ మీద. ఆ ఎత్తున సిమ్‌కి టవర్ ఎక్కడిది? కింద బెంగళూరులో మా టీమ్ నేను మార్చిన ప్రోగ్రామ్ కోడ్ కోసం చూస్తోంది. రాత్రి తొమ్మిదింటికి రిలీజ్, అంటే ఆ మార్పుని క్లయింటు వాడకంలోకి పెట్టడం. పక్క సీట్లో అమ్మ నా ముఖం చూసి, ఇంట్లో అడిగినట్టే అడిగింది: “ఏమ్మా, సిగ్నల్ పోయిందా?”

ఆ రోజు పని చివరికి పూర్తయింది. ఎలా పూర్తయిందో, ఎక్కడ ఇరుక్కున్నానో వివరంగా రాస్తే నాలాగా చిన్న ఊళ్ల నుంచి పనిచేసేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. ఊరిని ఆనుకునే ఆంధ్రాలో పాతపట్నం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అటు చేరింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. మాకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు. 2020లో కంపెనీ ఇంటి నుంచి పనిచెయ్యమన్నప్పుడు బెంగళూరు నుంచి వచ్చేశాను, మళ్లీ వెళ్లలేదు.

ఇక్కడ నెట్ ఉంటుంది. కానీ వానాకాలంలో ఎప్పుడు పోతుందో తెలియదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను దసరాకని ముందే ఇంటికొచ్చి ఉన్నాను. మా వీధికి కరెంటు రావడానికి పది రోజులు పట్టింది. మేడ మీదికెక్కితే ఒక్క గీత సిగ్నల్. ఆ పది రోజుల్లో ఒక పద్ధతి అలవాటైంది. మా వీధి కుళాయికి పొద్దున్న గంటసేపే నీళ్లు వస్తాయి. ఆ గంటలో బిందెలు నింపుకుంటే రోజంతా గడుస్తుంది. నెట్‌తో కూడా అంతే చేశాను. ఉన్న కాసేపట్లో కావలసినవన్నీ దింపుకోవడం, లేనప్పుడు పని చేసుకోవడం, మళ్లీ వచ్చాక పంపడం. విమానంలో నాకు ఉపయోగపడింది అదే.

ప్రయాణం ఎందుకంటే, లండన్‌లో మా అప్పకి నెలలు నిండాయి. అమ్మని తీసుకెళ్లాలి. అమ్మ అదివరకు విమానం ఎక్కలేదు, ఒంటరిగా పంపలేను. సెలవు పెడదామంటే ఆ వారమే మా రిలీజ్. అది వాయిదా వెయ్యగలిగేది కాదు. అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున బ్రిటన్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అంటే ఆ రాత్రి ఒంటిగంట నుంచి రెండు దాకా ఉన్న గంట రెండుసార్లు వస్తుంది. మా క్లయింటు లండన్‌లో ఉన్నారు. మా ప్రోగ్రామ్ ఆర్డర్ల టైమ్‌ని అక్కడి గడియారం ప్రకారమే దాచేది. ఆ రెండు గంటల ఆర్డర్లూ ఒకే గంటలో కలిసిపోయి రిపోర్టు తప్పుగా వస్తుంది. టైమ్‌ని యూటీసీలో (ఎండాకాలం, చలికాలం మారని ప్రపంచ ప్రామాణిక సమయంలో) దాచి, చూపించేటప్పుడు మాత్రమే లండన్ టైమ్‌కి మార్చాలి. ఆ మార్పు నా చేతిలో ఉంది. ఆదివారం లోపు, అంటే గురువారం రాత్రికే వెళ్లిపోవాలి. మా టికెట్లు కూడా గురువారానికే.

రెండు రోజుల ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని, నేను రోజంతా చేసే పనుల్లో దేనికి ఎంత నెట్ కావాలో రాసుకున్నాను. ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే టెస్టులు రాయడం, కోడ్ చదవడం, రిలీజ్ నోట్స్ తయారుచెయ్యడం లాంటి వాటికి నెట్ అసలు అక్కర్లేదు. మెసేజీలకి, మెయిల్‌కి, కోడ్ పంపడానికి సన్నటి ధార చాలు. వీడియో మీటింగులు, పెద్ద ఫైళ్లు, గ్రాఫులతో నిండిన డ్యాష్‌బోర్డులు విమానంలో జరగవని ముందే కొట్టేశాను. నా పనిలో మొదటి రకమే సగానికి పైగా ఉందని అప్పుడే గమనించాను. నేను రోజూ నెట్ పోయిందని పడే టెన్షన్‌లో చాలా భాగం అనవసరమైనదే.

తర్వాత ఇంట్లో వైఫై, ఫోన్ డేటా రెండూ ఆపేసి ఒక పూట పనిచేశాను. ఇది ఎవరైనా చెయ్యాల్సిన పని అని నా గట్టి అభిప్రాయం. అన్నీ దింపుకున్నాననుకున్నాను. అరగంటకే ఒక టెస్టు బయటి సర్వీసుని పిలుస్తూ ఆగిపోయింది, దానికి ఒక నమూనా జవాబు పెట్టాను. నేను వాడే లైబ్రరీల (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) పత్రాలు నెట్‌లోనే చదువుతున్నానని అప్పుడే అర్థమైంది, వాటిని ల్యాప్‌టాప్‌లోకి దింపాను. కోడ్ అన్ని బ్రాంచీలతో (పక్కపక్కన నడిచే వేర్వేరు రూపాలతో) సహా, చిన్న నమూనా డేటాబేస్‌తో సహా తెచ్చుకున్నాను. ల్యాప్‌టాప్‌లో కనెక్షన్‌ని ‘మీటర్డ్’ (వాడిన డేటాకి లెక్క ఉండే కనెక్షన్) అని పెడితే అప్‌డేట్లు తమంతట తాము దిగవు. క్లౌడ్‌లోకి ఫోటోలు, ఫైళ్లు ఎక్కించే యాప్‌లన్నీ ఆపాను. అమ్మ ఫోన్‌లో కూడా ఆపాను, వెయ్యి చిలుకు ఫోటోలు బ్యాకప్ కోసం కాచుకుని ఉన్నాయి.

ఆ పూట ఒక్కటి మాత్రం పరీక్షకి రాలేదు. కంపెనీ లాగిన్. ఆ పొద్దున్నే లాగిన్ అయి ఉన్నాను కాబట్టి అడగలేదు. దాని గడువు పన్నెండు గంటలని తెలుసు. ఆ గడువు విమానంలో తీరుతుందన్న ఆలోచన మాత్రం రాలేదు.

బుధవారం అర్ధరాత్రి దాటాక కారులో బయల్దేరాం. పాతపట్నం, నరసన్నపేట, అక్కడ హైవే ఎక్కి శ్రీకాకుళం మీదుగా విశాఖ. చినుకులు పడుతూనే ఉన్నాయి. దార్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద కంపెనీ లాగిన్ చేసి, చివరి సారి కోడ్ మొత్తం దింపుకున్నాను. అప్పుడు టైమ్ తెల్లవారుజాము రెండున్నర.

విశాఖ నుంచి ఢిల్లీ విమానంలో వైఫై లేదు. మన దేశం లోపల తిరిగే విమానాల్లో చాలా వాటికి లేదు. ఆ రెండు గంటల పైచిలుకు ప్రయాణం ఆ రోజంతటిలో నాకు బాగా కలిసొచ్చిన సమయం. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని మబ్బుల్ని చూస్తోంది. గడియారం వెనక్కి తిరిగే ఆ గంటకి పదకొండు టెస్టులు రాశాను. తొమ్మిది పాసయ్యాయి, రెండు ఫెయిల్. ఫెయిలైన వాటిలో ఒకటి నిజంగా తప్పు పట్టింది. వారం మొత్తం రిపోర్టు తీసినప్పుడు ఆ ఆదివారాన్ని ప్రోగ్రామ్ ఇరవై నాలుగు గంటలుగానే లెక్కపెడుతోంది. ఆ రోజుకి ఇరవై అయిదు గంటలు. ఇంట్లో మెసేజీలకి జవాబులిస్తూ కూర్చుని ఉంటే అది నా కంట పడేదో కాదో.

ఢిల్లీలో మధ్యాహ్నం రెండింటికి లండన్ విమానం. వైఫై ఎక్కగానే రాదు. మన దేశంలో విమానంలో ఇంటర్నెట్‌కి 2018 డిసెంబరులో నిబంధనలు వచ్చాయి. 2024లో వాటిని సవరించి, విమానం 3,000 మీటర్ల ఎత్తు దాటాక, ఎలక్ట్రానిక్ పరికరాలు వాడుకోవచ్చని చెప్పాకే వైఫై నెట్ అని స్పష్టం చేశారు. అందుకని టేకాఫ్ ముందే టీమ్‌కి మెసేజ్ పెట్టాను: “రెండున్నర నుంచి అందుబాటులో ఉంటాను. మాట్లాడలేను, రాయగలను. ప్రశ్న ఏదైనా ఒకే మెసేజ్‌లో పూర్తిగా రాయండి. ‘హాయ్’ అని పెట్టి ఆగొద్దు.”

వైఫై కనెక్ట్ అయింది, కానీ తెరుచుకోవాల్సిన పేజీ తెరుచుకోలేదు. విమానం వైఫైలో ముందు వాళ్ల పేజీ రావాలి, అందులో ఒప్పుకుంటేనే బయటికి దారి. నా ల్యాప్‌టాప్‌లో కంపెనీ వీపీఎన్ (డేటాని రహస్యంగా కంపెనీకి చేర్చే దారి) ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. అది ఆ పేజీని రానివ్వలేదు. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ (సైట్ల చిరునామాలు వెతికిపెట్టే వేరే సర్వర్) పెట్టుకున్నవాళ్లకి కూడా ఇదే ఇబ్బంది. వీపీఎన్ ఆపి, ‘హెచ్‌టీటీపీఎస్’ (డేటాని రహస్య లిపిలో పంపే పద్ధతి) కాని మామూలు సైటు ఒకటి తెరిస్తే వాళ్ల పేజీ వచ్చింది. ఆ తర్వాత వీపీఎన్ మళ్లీ పెట్టాను. విమానం వైఫై అందరిదీ కాబట్టి క్లయింటు పనికి వీపీఎన్ లేకుండా వెళ్లకూడదు.

అప్పుడు వచ్చింది లాగిన్ పేజీ. ఆరు అంకెలు అడిగింది. తెల్లవారుజామున రెండున్నరకి చేసిన లాగిన్‌కి గడువు తీరిపోయింది.

ఒక్క క్షణం చేతులు చల్లబడ్డాయి. సిమ్ నెట్‌వర్క్ లేకపోతే ఎస్సెమ్మెస్ దారి మూసుకున్నట్టే. వైఫై కాలింగ్ ఉన్న ఫోన్‌లో ఏమైనా వస్తుందేమో అనుకుంటాం, కానీ విమానాల్లో ఫోన్ కాల్స్‌ని సాధారణంగా అడ్డుకుంటారు, దాన్ని నమ్ముకోలేం. నా ఫోన్‌కి అయితే రాలేదు. ఫోన్‌లో చాట్ పనిచేస్తోంది కదా అని మా టీమ్‌లో పాలకొండ కుర్రాడికి రాశాను. “అక్కా, మీరు పని చూసుకోండి, హెల్ప్‌డెస్క్ సంగతి నేను చూస్తాను” అన్నాడు. హెల్ప్‌డెస్క్ వాళ్లు మా మేనేజరుతో నిర్ధారణ చేసుకుని, నన్ను రాతలోనే కొన్ని ప్రశ్నలు అడిగి, ఒకసారికి మాత్రమే పనిచేసే కోడ్ ఇచ్చారు. గంటా పది నిమిషాలు పట్టింది. ఆ గంటలో నేను ఊరికే కూర్చోలేదు, ఇరవై అయిదు గంటల తప్పుని సరిచేసి టెస్టులన్నీ ల్యాప్‌టాప్‌లోనే నడిపాను.

లాగిన్ కాగానే మొదట చేసిన పని, ఫోన్‌లో అథెంటికేటర్ యాప్ పెట్టుకోవడం. ఆ యాప్ ముప్ఫై సెకన్లకోసారి కొత్త అంకెలు చూపిస్తుంది. వాటిని ఎవరూ పంపరు. ముందు ఒకసారి దాచుకున్న రహస్య కీ, అప్పటి టైమ్, రెండూ కలిపి ఫోనే లెక్క కట్టుకుంటుంది. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. దాంతోపాటు ఇచ్చే బ్యాకప్ కోడ్‌లని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఈ రెండూ ప్రయాణానికి ముందే, నేల మీద ఉండగానే చేసుకోవాలి. ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకుంటామంటే, ఇదే గుర్తుంచుకోండి.

నెట్ ఎలా ఉందంటే, పింగ్ కొట్టి (సర్వర్‌కి చిన్న సంకేతం పంపి) చూస్తే జవాబుకి 640 నుంచి 900 మిల్లీసెకన్లు పడుతోంది. మా ఇంట్లో నలభై, యాభై. కారణం దూరం. ఇలా ఆలస్యంగా జవాబు తెచ్చే నెట్ ఉపగ్రహాలు భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. విమానం నుంచి మాట అక్కడికెక్కి కింది స్టేషన్‌కి దిగాలి, జవాబు మళ్లీ ఎక్కి దిగాలి. కాంతి వేగంతో వెళ్లినా ఆ రానూపోనూకే దాదాపు అర సెకను. ఎంత డబ్బు పెట్టినా ఆ అర సెకను తగ్గదు. అందుకని పెద్ద ఫైలు ఒకటి ఓపిగ్గా దిగుతుంది కానీ, వంద చిన్న ముక్కలుగా తెరుచుకునే వెబ్ పేజీ ప్రాణం తీస్తుంది. దూరంగా ఉన్న సర్వర్‌లోకి వెళ్లి టైప్ చేస్తే అక్షరం కొట్టిన ముప్పావు సెకనుకి తెర మీద కనిపిస్తుంది. ఆ పద్ధతి వదిలేశాను. అన్నీ ల్యాప్‌టాప్‌లో రాసి, ఒక్కసారిగా పంపాను. కోడ్ మార్పు కొన్ని కిలోబైట్లే కాబట్టి అర నిమిషంలో వెళ్లిపోయింది. టెస్ట్ సర్వర్ ఫలితాల్ని డ్యాష్‌బోర్డులో చూడకుండా, వట్టి అక్షరాల లాగ్‌గా చాట్‌లో పెట్టమన్నాను.

సాయంత్రం అయిదున్నరకి మీటింగ్. అందులో నేను లేను. బదులుగా ఒక పేజీన్నర రాసి పెట్టాను. ఏం మార్చాను, ఎందుకు, ఏ టెస్టు చూస్తే నమ్మకం కుదురుతుంది, పెట్టాక ఏదైనా తేడా వస్తే పాతదానికి ఎలా వెనక్కి వెళ్లాలి. కింద ఇంకో మాట రాశాను: ‘ఒకవేళ నేను అందకపోతే పైన రాసినవి సరిచూసుకుని మీరే నిర్ణయించండి.’ అది రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. మాటల్లో అయితే పది నిమిషాల పని. కానీ మాటకి ఆ నెట్ చాలదు.

ఎనిమిదింపావుకి నెట్ పోయింది. అంతకుముందు ఒకసారి ఎనిమిది నిమిషాలు పోయి వచ్చింది. విమానం ఒక ఉపగ్రహ పరిధి నుంచి ఇంకోదానికి మారేటప్పుడు అలా అవుతుంటుంది. ఈసారి పది నిమిషాలైనా రాలేదు. ఇరవై అయింది. అప్పటికి నా కోడ్‌ని రివ్యూ చేసే అమ్మాయి ఏదో ప్రశ్న రాస్తున్నట్టు చుక్కలు కనిపించి ఆగిపోయాయి. ఆ ప్రశ్న ఏమిటో తెలియదు. గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, డబ్బాలోంచి మురీ మిక్సర్ తీసి పెట్టింది. “తుఫాన్లో కూడా అయింది కదమ్మా, అవుతుందిలే” అంది.

తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా నెట్ వచ్చింది. ఒకేసారి పద్నాలుగు మెసేజీలు. రివ్యూ ప్రశ్న ఆ ఇరవై అయిదు గంటల రోజు గురించే. దానికి జవాబు నేను రాసిన పేజీలో రెండో పేరాలో ఉంది. వాళ్లే చదువుకుని, అన్నీ సరిచూసుకుని, ఎనిమిదీ యాభైకి రిలీజ్ పెట్టేశారు. చివరి మెసేజ్ మా పాలకొండ కుర్రాడిది: “అక్కా అయిపోయింది, పడుకోండి.” కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మకి చూపించాను.

పడుకోమన్న మాట మంచి మాట. విమానంలో గంటల తరబడి పనిచెయ్యగలమనుకోవడం పొరపాటు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు, 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున ఉన్నట్టు ఉంచుతారు. మా జిల్లాలో మహేంద్రగిరి ఎత్తు సుమారు 1,500 మీటర్లు. అంతకంటే ఎత్తున, పొడి గాలిలో కూర్చుని లెక్కలు చెయ్యడమన్నమాట. అయిదో గంటకి నేను రాసిన వాక్యాన్నే మూడుసార్లు చదువుకోవాల్సి వచ్చింది. రెండు గంటలు పని, అరగంట నడక, నీళ్లు అని పెట్టుకున్నాక తేరుకున్నాను. ముందు సీటు వెనక్కి వాలిస్తే ల్యాప్‌టాప్ మూత సగమే తెరుచుకుంటుంది, దానికి ముందే పిలిచి మర్యాదగా అడిగితే సరిపోయింది. సీటు దగ్గర ప్లగ్ ఉంది కాబట్టి చార్జింగ్‌కి ఇబ్బంది రాలేదు. పవర్ బ్యాంక్ మీద ఆధారపడొద్దు. అది చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు. విమానంలో దాంతో చార్జ్ చెయ్యడాన్ని కూడా కొన్ని సంస్థలు ఆపేశాయి.

అప్పకి పాప పుట్టింది. నాలుగు వారాల తర్వాత అమ్మని అక్కడే ఉంచి నేను ఒక్కదాన్నే తిరిగొచ్చాను. ఈసారి విమానంలో వైఫై డబ్బులిచ్చి కొనాలి. పైన కొనబోతే మన కార్డుకి మళ్లీ ఓటీపీ అడుగుతుంది. అందుకని ముందురోజే అప్ప ఇంట్లో కూర్చుని కొనేశాను. అథెంటికేటర్ అడిగిన ప్రతిసారీ అంకెలు ఇచ్చింది. రాత్రి విమానం కాబట్టి గంటన్నర మెయిళ్లు చూసి నిద్రపోయాను.

ఈ అర సెకను బాధ ముందుముందు తగ్గొచ్చు. భూమికి 550 కిలోమీటర్ల దగ్గర్లోనే తిరిగే చిన్న ఉపగ్రహాల నెట్‌ని కొన్ని విమాన సంస్థలు ఇప్పటికే పెడుతున్నాయి. దూరం తక్కువ కాబట్టి మీటింగులు కూడా నడుస్తాయి. మన జీశాట్-ఎన్2 ఉపగ్రహం 2024 నవంబరు 19న అమెరికా నుంచి ఫాల్కన్ 9 రాకెట్ మీద వెళ్లింది. 4,700 కిలోల బరువు, సెకనుకి 48 గిగాబిట్ల సామర్థ్యం, మన దేశం మీద ఎగిరే విమానాలకి నెట్ ఇవ్వడం కూడా దాని పనుల్లో ఒకటి. అది ఎత్తైన కక్ష్యలోదే, ఆలస్యం తగ్గదు కానీ ధార పెరుగుతుంది. విశాఖ–ఢిల్లీ విమానంలో కూడా నెట్ వచ్చే రోజు వస్తుంది. వచ్చినా, ఆ రెండు గంటలు దాన్ని ఆపేసుకునే పనిచేస్తానని ఇప్పుడే అనుకుంటున్నాను.

విశాఖలో దిగి, పర్లాకిమిడి చేరేసరికి సాయంత్రం ఏడు. వీధిలో కరెంటు లేదు, పొద్దున్న నుంచీ లేదట. నాన్న ఎమర్జెన్సీ లైటు తెచ్చి బల్ల మీద పెట్టారు. ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ సగం ఉంది. దార్లో మిగిలిపోయిన రెండు టెస్టులు రాసుకున్నాను. తొమ్మిదింటికి కరెంటు వచ్చాక పంపాను.